చెవికీ ఒక చదువు కావాలి

మన చదువులన్నీ కంటి చదువులు. పుస్తకం కంటితో చదువుతాం. బోర్డు మీద రాసింది కంటితో చూస్తాం. పరీక్షలో దిద్దేవారి కంటికి ఇంపుగా ఉండేట్టు రాస్తాం. మరి లెక్చరు వింటున్నాం కదా అంటారా, అది నోట్సు రాసుకునేందుకే గాని వినేందుకు కాదు! ఒకటో తరగతి అయ్యవారి దగ్గరనుంచి యూనివర్సిటీ ప్రొఫెసరు దాకా "ఏం రాశావు?" అని అడిగేవారే గాని "ఏం విన్నావు? ఎట్లా విన్నావు?" అని అడిగేవారు అరుదు. అందుచేతనే కాబోలు, శబ్దాన్ని పట్టి, తూచి, సరిచేసి, నిలవచేసే విద్య మన చదువుల జాబితాలోకే ఎక్కలేదు. సౌండు రికార్డింగు అనండి, ఆడియో ఇంజనీరింగు అనండి, మ్యూజిక్ ప్రొడక్షన్ అనండి, పేరు ఏదైనా అది సినిమావాళ్ల వ్యవహారమనీ, మద్రాసులోనో బొంబాయిలోనో పుట్టినవాళ్లకు తప్ప మనబోటివాళ్లకు పొసగదనీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది.

ఆ అభిప్రాయం సరికాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపునుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న మిత్రులను ఉద్దేశించి ముఖ్యంగా రాస్తున్నాను. అందరూ పుస్తకాలు పారేసి సినిమాల్లో చేరండని నేను అనడం లేదు. ఆ విద్యను మన కాలేజీలోనే, మన ఊళ్లలోనే నేర్పించాలని అంటున్నాను. ఎందుకంటే మనవైపు ఉన్న ఆస్తిలో సగం కంటికి కనబడేది కాదు, చెవికి వినబడేది. దాన్ని పట్టి నిలిపే పనితనం మన పిల్లలకు లేకపోతే ఆ ఆస్తి మనం వింటుండగానే పోతుంది.

రాగిరేకు నుంచి మైకు దాకా

పాటలో మూడు ఉంటాయి. మాట ఒకటి, బాణీ ఒకటి, గొంతు ఒకటి. ఈ మూడింటినీ నిలపడానికి మూడు వేరువేరు సాధనాలు కావాలి. ఉదాహరణలకు దూరం పోనక్కరలేదు.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో పరమపదించాడు. ఆయన కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. 1922 ప్రాంతంలో ఆ రేకులు వెలుగులోకి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు ఎంతో శ్రమపడి వాటిని పరిష్కరించారు. రేకుల మీద సాహిత్యం ఉంది. కీర్తనకు రాగం పేరు ఉంది. కానీ ఆ రాగంలో ఎట్లా పాడాలో చెప్పే స్వరం లేదు. అంచేత ఈనాడు మనం తన్మయులమై వింటున్న అన్నమయ్య పాటల బాణీలలో అత్యధికభాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. అవి గొప్ప బాణీలే, కాదనను. కానీ అన్నమయ్య పాడిన బాణీ మటుకు మనకు దక్కలేదు. రాగి నాలుగువందల ఏళ్లపాటు అక్షరాన్ని మోసింది గాని, పాటను మోయలేకపోయింది.

రెండో ఉదాహరణ మదనపల్లె. 1919లో రవీంద్రనాథ ఠాగూరు దక్షిణదేశ పర్యటనలో భాగంగా మదనపల్లె వచ్చి థియసాఫికల్ కాలేజీలో విడిది చేశారు. ఇప్పుడు బి.టి. కాలేజీ అంటున్నాం, అదే. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. జనగణమనకు ఠాగూరు చేసిన ఇంగ్లీషు అనువాదం ఆ సంవత్సరం ఫిబ్రవరి 28 తేదీతో అక్కడే వెలసింది. ఇది మనకందరికీ తెలిసిన కథే, ఏటా ఆగస్టు పదిహేనున చెప్పుకుంటూనే ఉంటాం. అయితే మనం తొందరగా దాటేసే సంగతి ఒకటుంది. ఆ పాట కొత్తది కాదు, 1911 డిసెంబరు 27నే కలకత్తా కాంగ్రెసు సభలో పాడారు. మదనపల్లెలో ఠాగూరు పాడగా విని, ఆ వరసను స్వరలిపిలో రాసిపెట్టిన మనిషి మార్గరెట్ కజిన్స్. ఆమె ఐర్లండులో సంగీతంలో డిగ్రీ పుచ్చుకున్న విదుషీమణి. ఆ సభలో కూర్చున్నవాళ్లందరూ పాట విన్నారు, ఆనందించారు, తలలూపారు. విన్నదాన్ని కాగితం మీద నిలపగలిగింది మటుకు చెవికి చదువు చెప్పించుకున్న ఆ ఒక్కరే. నా వాదమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

ఇక మూడోది గొంతు. పుంగనూరులో 1898లో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్లై గారు కాంచీపురం నయనాపిళ్లై శిష్యులు, 1954లో సంగీత కళానిధి బిరుదు పొందినవారు. ఆయన గానం రికార్డింగుల్లో ఉంది కాబట్టి ఇవాళ పుంగనూరు కుర్రవాడు కోరుకుంటే వినవచ్చు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1986లో కన్నుమూశారు. ఆయన ప్రసంగాలను టేపుల మీదికి ఎక్కించారు గనుక ఆయన ఆగి ఆగి మాట్లాడే తీరు, ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఆ మౌనం కూడా మనకు దక్కాయి. అచ్చు పుస్తకంలో ఆ మౌనం ఎక్కడ దొరుకుతుంది?

మంచిదే. మరి మీ ఊళ్లో ముప్పయ్యేళ్ల కిందట భారతంలో ద్రౌపది వేషం కట్టిన ఆయన గొంతు ఎక్కడుంది? మీ అవ్వ నాట్లువేస్తూ పాడిన పాట ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబుగా తల దించుకోవలసినవాళ్లమే మనలో ఎక్కువమందిమి.

మన చెవిన పడుతున్నదేమిటి?

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ద్రౌపదీదేవి గుళ్ల దగ్గర జరిగే భారతం సంగతి ఇతర జిల్లాల మిత్రులకు కొంచెం చెప్పాలి. చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, అర్జున తపస్సు, చివరికి దుర్యోధన వధ, ఆపైన నిప్పులగుండం. అర్జున తపస్సు నాడు వేషధారి తపసు మాను ఎక్కుతాడు. తాడిచెట్టంత మాను అది. ఒక్కో మెట్టుకూ పాడుతూ ఎక్కుతాడు. కింద బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. పైనుంచి అర్జునుడు నిమ్మకాయలు విసరుతాడు.

సౌండు తెలిసినవాడు ఈ దృశ్యాన్ని చూస్తే వాడికి మొదట తోచేది ఇది. పాడే మనిషి కదులుతున్నాడు, పైకి పోతున్నాడు, గాలి వీస్తోంది, కిరీటం, భుజకీర్తులు గలగలమంటున్నాయి, కింద వేలమంది జనం. ఈ గొంతును శుభ్రంగా ఎట్లా పట్టాలి? చిన్న మైకు గుండెల మీద కట్టాలా, కిరీటం అంచున కట్టాలా? గాలిహోరు రాకుండా దానికి ఏం తొడగాలి? జనం సందడికి వేరే మైకు ఎక్కడ పెట్టాలి? ఏ విదేశీ పాఠ్యపుస్తకంలోనూ ఈ లెక్కకు జవాబు లేదు. దీన్ని మనమే వేసి చూసుకోవాలి.

భారతం ఒక్కటేనా? పలకలను మంట దగ్గర కాచి బిగువు చేసి వాయించే పలకలవాళ్లు ఉన్నారు. మేళంవాళ్ల నాదస్వరం, డోలు ఉన్నాయి. చెక్కభజన, పండరి భజన, కోలాటం ఉన్నాయి. కుప్పం సంగతి మరీ విచిత్రం. ఒక పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం. సంతకు పోతే ఒకే మనిషి తెలుగులో పలకరించి, తమిళంలో బేరమాడి, కన్నడంలో కోపగించుకుంటాడు. ఆ పాటల్లోనూ మూడు భాషల యాస కలిసి పారుతుంది. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపించడం ఊరికే జరగలేదు. మదనపల్లె టమోటా మార్కెట్టులో వేలంపాట వినండి, నీరుగట్టువారిపల్లెలో మగ్గాల చప్పుడు వినండి. వేలంపాట కూడా పాటే కదా! నేను వేళాకోళానికి అనడం లేదు. యాభై ఏళ్ల తర్వాత ఒక ఊరు ఎట్లా బతికిందో తెలియాలంటే ఫొటో ఎంత ముఖ్యమో, ఆ చప్పుడూ అంతే ముఖ్యం.

ఇవన్నీ పట్టేందుకు బయటినుంచి ఎవరో రావాలని మనం ఎదురుచూస్తున్నాం. వచ్చినవారూ ఉన్నారు. పల్నాడులో వీరవిద్యావంతులు పాడే వీరుల కథను జీన్ రోగేర్ అనే అమెరికా పండితుడు టేపు మీద ఎక్కించి, పరిశోధించి, 1982లో ఇంగ్లీషులో పుస్తకంగా వెలువరించాడు. ఆయన శ్రద్ధకు నమస్కారం. కానీ మన పాట మనం పట్టుకోవడానికి పదివేల మైళ్ల దూరంనుంచి మనిషి రావలసి వచ్చిందే అన్న బాధ మనకు లేకపోతే ఎట్లా?

ఇంతకూ ఆ చదువులో ఏముంది?

చాలామంది అనుకున్నట్టు అది మీటలు తిప్పే పని కాదు. సగం ఫిజిక్సు, పావు సంగీతం, మిగిలిన పావు ఓర్పు. నేను ఫిజిక్సు డిగ్రీ అయినాక బెంగుళూరులో ఒక రికార్డింగు స్కూల్లో పదకొండు నెలలు చదివి వచ్చాను గనుక కాస్త వివరంగా చెప్పగలను.

మొదటి పాఠం దూరం. బయలుజాగాలో శబ్దం పుట్టిన చోటికీ మనకూ ఉన్న దూరం రెట్టింపైతే శబ్దం ఆరు డెసిబెల్సు పడిపోతుంది. అంటే నోటికి జానెడు దూరంలో ఉన్న మైకును మూరెడు దూరానికి జరిపితే ఆరు డెసిబెల్సు పోయినట్టే. ఆ మేరకు చుట్టుపక్కల రొద పైకి లేస్తుంది. ఇది తెలియక మనవాళ్లు మైకు దూరంగా పెట్టి ఆంప్లిఫయరు పెంచుతారు. అది కుయ్యిమని కూస్తుంది. అప్పుడు మైకును తట్టి "హలో హలో" అంటారు!

రెండో పాఠం గది. 1895లో హార్వర్డు యూనివర్సిటీలో కొత్తగా కట్టిన ఒక లెక్చరు హాల్లో లెక్చరరు చెప్పే మాట ఒక్కటీ అర్థంకాకుండా పోయింది. ఒక మాట గోడలకు తగిలి ఐదు సెకన్లకు పైగా మోగుతూ ఉంటే దాని మీద ఇంకో మాట పడుతుంది. దాన్ని సరిచేయమని వాలెస్ సెబైన్ అనే కుర్ర ఫిజిక్సు లెక్చరరుకు అప్పగించారు. అతని దగ్గర ఉన్న సరంజామా ఒక ఆర్గను గొట్టం, ఒక స్టాపువాచీ, పక్కనున్న థియేటరు కుర్చీల దిండ్లు. రాత్రిపూట ఊరు సద్దుమణిగాక దిండ్లు మోసుకొచ్చి పరిచి, శబ్దం ఎంతసేపటికి ఆరిపోతుందో కొలిచాడు. పొద్దున్నే మళ్లీ దిండ్లు మోసుకుపోయి అక్కడ పెట్టాడు. అట్లా కొన్ని సంవత్సరాలు. ఆ దిండ్లలోనుంచే ధ్వనిశాస్త్రంలో ఒక సూత్రం పుట్టింది, 1900లో తెరిచిన బోస్టను సింఫనీ హాలు దాని ఆధారంగానే కట్టారు. లాబొరేటరీ లేదని వాపోయే మనం ఈ దిండ్ల సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మూడో పాఠం వాద్యం. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ గారు వెలుగు మీద పరిశోధనకు నోబెల్ బహుమతి తెచ్చుకున్నారని అందరికీ తెలుసు. అంతకు పదేళ్ల ముందే, 1920లో, ఆయన మన మృదంగం మీద పరిశోధన ప్రకటించారు. మామూలు చర్మవాద్యం ఇచ్చే నాదాలు ఒకదానికొకటి పొసగవు, అందుకే వట్టి చప్పుడుగా వినిపిస్తుంది. మృదంగం మూతకు నడుమ పూసే నల్లటి పూత వల్ల ఆ నాదాలు వరసలోకి వచ్చి శ్రుతి పలుకుతాయని ఆయన తేల్చారు. మన పూర్వులు లెక్క వేయకుండానే చెవితో ఆ లెక్క తేల్చేశారన్నమాట!

నాలుగోది కంప్యూటరు. మనిషి చెవి సుమారుగా సెకనుకు ఇరవై కంపనాలనుంచి ఇరవైవేల దాకా వింటుంది. వినగలిగిన హెచ్చు కంపనానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు శబ్దాన్ని నమూనా తీస్తేనే తిరిగి యథాతథంగా వినిపించగలం. అందుకే 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కుకు సెకనుకు 44,100 నమూనాలని నిర్ణయించారు. సగటు బి.ఎస్సీ. విద్యార్థికి ఇందులో బుర్రకెక్కనిది ఏముంది? మనం మూడేళ్లు చదివిన తరంగాల పాఠమే ఇది. కాకపోతే పరీక్ష అయిపోగానే మరిచిపోయే పాఠం ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

రికార్డింగు స్కూలు ముచ్చట

అక్కడ మొదటి రెండు వారాలూ మైకు ముట్టనీయరు. వైరు మెలిపడకుండా చుట్టడం నేర్పిస్తారు. తర్వాత కళ్లు మూసుకుని వినడం. ఏ శబ్దంలో ఏ పౌనఃపున్యం ఎక్కువైంది, ఏది తగ్గిందో వినే చెప్పాలి. నెల తిరిగేసరికి బస్సు హారను విన్నా అదే ధ్యాస! ఇదంతా మెచ్చుకోదగ్గదే.

మెచ్చుకోలేనివి రెండున్నాయి. ఒకటి ఫీజు. ప్రైవేటు స్కూళ్లలో ఏడాది కోర్సుకు లక్షల్లో కట్టించుకుంటున్నారు. టమోటా ధర కుదిరిన ఏడు కట్టి, కుదరని ఏడు మానుకునే చదువు కాదు కదా అది. రెండోది పాఠం. పదకొండు నెలల్లో డ్రమ్ము సెట్టుకు మైకులు అమర్చే తీరు మాకు పదిసార్లయినా చూపించారు. గిటారుకు చూపించారు, పియానోకు చూపించారు. నాదస్వరానికి ఎక్కడ పెట్టాలి, పలకకు ఎంత దూరాన పెట్టాలి, తంబుర శ్రుతి పాటలో మునిగిపోకుండా ఎట్లా కాపాడాలి, ఒక్కరూ చెప్పలేదు. అడిగితే "అది స్టూడియోకు వచ్చే వాద్యం కాదు గదా" అన్నారు. ఆ స్కూలును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ల పుస్తకం వేరేచోట రాసింది. మన పుస్తకం మనం రాసుకోలేదు.

ఆ చదువుకు పోదలచిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక సలహా. కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒక్కో విద్యార్థికి స్టూడియోలో ఎన్ని గంటలు ఒంటరిగా పని ఇస్తారు? నేర్పేవారు స్వయంగా ఏం రికార్డు చేశారు? ఇచ్చే పట్టాకు గుర్తింపు ఏమిటి? నిరుడు చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? గోడల మీద ఆస్కారు విజేతల బొమ్మలు చూసి మోసపోకండి. ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. పూనాలో 1960లో మొదలైన ఫిల్ము ఇన్‌స్టిట్యూటులో సౌండుకు ప్రత్యేకమైన కోర్సు ఉంది. 2009లో ఆస్కారు అందుకున్న రసూల్ పూకుట్టి కేరళలో ఒక పల్లెటూరినుంచి వచ్చి అక్కడ చదివినవాడే. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అయినా ప్రయత్నించదగిన దారి అది.

"మైకుసెట్టు పనికి పోతావా నాయినా?"

ఇంట్లో ఈ మాట ఎత్తితే వచ్చే జవాబు మనకు తెలిసిందే. మా పెదనాయిన అన్నాడు గదా, "ఏం నాయినా, ఇంత చదివి, అంత దుడ్డు పోసి, మైకుసెట్టు పని నేర్చుకునేదానికి పోతా ఉండావా?" అని.

నాకు ఆ మాటలో రెండు అన్యాయాలు కనబడతాయి. మైకుసెట్టు ఆయన్ను చులకన చేయడం మొదటిది. తిరునాళ్లలో, పెళ్లిలో, మీటింగులో ఆయన లేనిదే ఒక్క మాట జనానికి చేరదు. కరెంటు పోతే జనరేటరు, వాన వస్తే టార్పాలిను, హారను కాలిపోతే అప్పటికప్పుడు మరమ్మతు. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న విద్య అది. అటువంటివారిని కాలేజీకి పిలిచి నాలుగు పాఠాలు చెప్పించుకుంటే మనకే లాభం. చదువుకూ చేతిపనికీ నడుమ గోడ కట్టడం రెండో అన్యాయం. బి.టెక్. చదివి బెంగుళూరులో రాత్రిళ్లు కంప్యూటరు ముందు కూర్చుంటే అది ఉద్యోగం, అదే కంప్యూటరు ముందు కూర్చుని పాట సరిచేస్తే అది సోమరితనమా?

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. సినిమా పాటలు మిక్సు చేసే అవకాశం నూటికి ఒక్కరికి వస్తుందో రాదో. 2023లో మన తెలుగు పాటకు ఆస్కారు వచ్చినప్పుడు కీరవాణి గారినీ చంద్రబోసు గారినీ ఊరేగించుకున్నాం, సబబే. ఆ పాటను రికార్డు చేసిన, మిక్సు చేసిన చేతుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? పేరు కోసం పోయేవాడికి ఈ పని కాదు. కానీ టీవీ చానళ్లు, డబ్బింగు, రేడియో, వినే పుస్తకాలు, కచ్చేరీలకు సౌండు, దేవస్థానాల రికార్డింగులు, ఇవన్నీ కలుపుకుంటే పని తెలిసినవాడికి అన్నం దొరుకుతుంది.

"ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంది గదా, మళ్లీ చదువెందుకు?" అనేవారూ ఉన్నారు. ఫోను మాటల కోసం చేసిన చెవి. చిన్న శబ్దాన్ని తనే పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని తనే అణచేస్తుంది. ఆగకుండా ఒకే తీరున మోగేదాన్ని రొద అనుకుని తుడిచేయాలని చూస్తుంది. మన సంగీతంలో ఆగకుండా మోగేది ఏమిటి? శ్రుతి! పలక దెబ్బకు ఫోను రికార్డింగు పగిలిపోతుంది, ఆ వెంటనే వచ్చే గొంతు లోతుకు పోతుంది. ఏమీ లేనిచోట ఫోను మేలే, కాదనను. కానీ కాగితం, కలం ఉన్నంతమాత్రాన అందరూ స్వరలిపి రాయగలరా?

ఇంకో మాట. ఈ చదువు శబ్దాన్ని పెంచడమే కాదు, తగ్గించడమూ నేర్పుతుంది. 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాసప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు దాటకూడదు. మన ఊరేగింపుల్లో లారీ మీద కట్టే డీజే పెట్టెల ముందు ఆ అంకెలు చెబితే నవ్వుతారు. పసిబిడ్డలు చెవులు మూసుకుంటుంటే మనం దాన్ని పండగ అంటున్నాం. శబ్దం విలువ తెలిసినవాడే దాన్ని తగ్గించగలడు.

ఏం చేయవచ్చు?

2002లో హ్యూలెట్ ప్యాకార్డు కంపెనీ కుప్పంలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అందులో భాగంగా పల్లెల్లోని పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో పనిచేసే చిన్న ప్రింటర్లు ఇచ్చి ఫొటోలు తీయడం నేర్పించారు. కెమెరా ఎరగని ఆడవాళ్లు ఫొటోగ్రాఫర్లయ్యారు. కెమెరా పట్టిన చేతికి మైకు బరువా?

కనుక మన విద్యార్థి సంఘం ద్వారా కాలేజీ అధికారులకు నా మనవి ఇది. ఫిజిక్సు, తెలుగు డిపార్టుమెంట్లు కలిసి ఆరునెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటి పెట్టాలి. సాయంత్రం పూట చాలు. రోడ్డుకు దూరంగా ఒక ఖాళీ గది, రెండు మంచి మైకులు, ఒక కంప్యూటరు, శబ్దాన్ని అందులోకి ఎక్కించే చిన్న పెట్టె, నాలుగు జతల హెడ్‌ఫోన్లు. ఎడిటింగుకు ఉచితంగా దొరికే సాఫ్టువేరు ఉంది. గోడలకు ఇంట్లోని పాత బొంతలు వేలాడదీస్తే సెబైను దిండ్లు చేసిన పనే అవీ చేస్తాయి. ఒక డిపార్టుమెంటు కొనే పరికరాల్లో ఇది పెద్ద ఖర్చు కాదు. ఫిజిక్సువాళ్లు గదిని కొలవాలి, తెలుగువాళ్లు పాటను రాసుకోవాలి. కోర్సు ముగిసేలోగా ప్రతి విద్యార్థీ తన ఊరినుంచి ఒక గంట శబ్దం తెచ్చి లైబ్రరీకి ఇవ్వాలి. ఏటా ఇరవైమంది చదివితే పదేళ్లలో రెండువందల గంటలు. అంత నిధి ఈ ప్రాంతంలో ఏ బీరువాలో ఉంది?

అయితే ఒక కట్టుబాటు ఉండాలి. పాడినవారి అనుమతి లేనిదే రికార్డు చేయకూడదు. పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ రాయకుండా టేపు భద్రపరచకూడదు. 1994 సవరణనుంచి మన కాపీరైటు చట్టమే కళాకారుడికి తన ప్రదర్శన మీద హక్కు ఇచ్చింది. పలక వాయించేవాడి చేత వాయించుకుని, వీడియోకు మన పేరు పెట్టుకుని, అతనికి టీ ఇప్పించి పంపే మర్యాద మనకొద్దు.

ఇప్పుడే ఎందుకంటారా? భారతం పాడే పెద్దలు డెబ్బయ్యేళ్లు దాటి ఉన్నారు. వారి పిల్లలు బెంగుళూరులో పనులు చేసుకుంటున్నారు, వారిని నేను తప్పుపట్టను. కొత్త కాలేజీ భవనం వచ్చే ఏడు కట్టుకోవచ్చు, రోడ్డు ఆపై ఏడు వేసుకోవచ్చు. గొంతు ఒకసారి పోతే ఏ బడ్జెట్టూ దాన్ని తిరిగి తేలేదు. మిత్రులారా, ఈ వేసవికి ఇంటికి వెళ్లినప్పుడు కోర్సు కోసం ఎదురుచూడకండి. ఇంట్లో పాట తెలిసిన పెద్దవారు ఎవరున్నారో కనుక్కోండి. ఫ్యాను ఆపండి, తలుపు మూయండి, జానెడు దూరంలో కూర్చోండి. అవ్వా, ఒక్కసారి పాడవా అని అడగండి. తక్కిన చదువు తర్వాత చదువుకుందాం.